ఎల్‌ఎస్‌టీ-325 సేవాచరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండవ ప్రపంచయుద్ధంలో ట్యాంకులను ఒడ్డుకు దించిన అమెరికా నౌక ఎల్‌ఎస్‌టీ-325 గురించి పాఠకులు అడిగే సందేహాలు ఏళ్ళు గడిచినా పెద్దగా మారడం లేదు. ఇప్పుడు అమెరికాలోని ఎవాన్స్‌విల్ పట్టణంలో ఉంది కాబట్టి అక్కడే తయారైందని కొందరు, ఫ్రాన్సు తీరంలోని నార్మండీలో మొదటి గంటలోనే ఒడ్డెక్కిందని కొందరు, ముసలివాళ్ళు సముద్రం దాటించారన్నది కట్టుకథ అని మరికొందరు అనుకుంటున్నారు. ఆ ప్రశ్నలను వారు అడిగిన తీరులోనే, నౌక జీవితంలోని దశల ప్రకారం ఇక్కడ కూర్చాను. ఏ ప్రశ్ననైనా విడిగా చదువుకోవచ్చు.

## నౌక రకం, నిర్మాణం

ఎల్‌ఎస్‌టీ అంటే ఏమిటి? యుద్ధనౌకా, సరుకు ఓడా?

ఎల్‌ఎస్‌టీ అంటే ల్యాండింగ్ షిప్ ట్యాంక్. రేవు, జెట్టీ, క్రేను ఏవీ లేని ఇసుక తీరానికి నేరుగా వచ్చి, ముక్కు దగ్గరి తలుపులు తెరిచి, లోపలి ట్యాంకులనూ లారీలనూ వాటంతట అవే నడిచి దిగేలా చేసే నౌక ఇది. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటును చూసినవారికి ఊహించడం కష్టం కాదు. వాహనాలు ఎక్కి దిగే పద్ధతి అదే, కాకపోతే ఇది మహాసముద్రాలు దాటగలిగిన పంటు. విమానాలను ఎదుర్కొనే తుపాకులు ఉన్నాయి, నావికాదళ సిబ్బంది నడిపారు కాబట్టి యుద్ధనౌకే. చేసిన పని మాత్రం చాలావరకు మోత పని, దీని చరిత్రను ఆ దృష్టితో చదివితేనే సరిగా అర్థమవుతుంది.

ఇలాంటి ఓడ కావాలన్న ఆలోచన మొదట ఎవరికి వచ్చింది?

ఆలోచన బ్రిటన్‌ది, రూపకల్పన అమెరికాది. 1940లో డంకర్క్ నుంచి బ్రిటన్ మూడు లక్షలకు పైగా సైనికులను వెనక్కి తెచ్చుకోగలిగింది కానీ, ట్యాంకులనూ ఫిరంగులనూ అక్కడే వదిలేయవలసి వచ్చింది. మళ్ళీ ఐరోపాలో అడుగుపెట్టాలంటే ట్యాంకులను సముద్రం దాటించి తీరంలో దించగలిగిన ఓడలు తప్పనిసరి. ముందుగా వెనిజులాలోని మరకైబో సరస్సులో తిరిగే, తక్కువ లోతులో తేలే మూడు చమురు ఓడలను బ్రిటిష్‌వారు మార్చి వాడారు. తర్వాత కొత్త రకం కోసం అమెరికాను అడిగారు. అమెరికా నావికాదళ నౌకల విభాగంలో పనిచేసే జాన్ నీడర్‌మేయర్ 1941 నవంబరు మొదట్లో గీసిన చిత్తు చిత్రమే వెయ్యికి పైగా నౌకలకు మూలమైంది.

అంత పెద్ద ఓడ ఒడ్డెక్కితే మళ్ళీ నీళ్ళలోకి ఎలా వస్తుంది?

నీడర్‌మేయర్ ముందున్న చిక్కు ఇదే. మహాసముద్రంలో నిలకడగా సాగాలంటే ఓడ లోతుగా మునిగి ఉండాలి, ఒడ్డెక్కాలంటే పైకి తేలాలి. జలాంతర్గాముల్లో వాడే ఉపాయాన్ని ఆయన ఇక్కడ పెట్టారు. ఓడ అడుగున, పక్కల పెద్ద బల్లాస్టు ట్యాంకులు ఉంటాయి. దూరప్రయాణంలో వాటిని సముద్రపు నీటితో నింపితే ఓడ బరువెక్కి లోతుగా కూర్చుంటుంది, తీరం దగ్గర పడ్డాక ఆ నీటిని పంపులతో తోడేస్తే తేలికవుతుంది. అప్పుడు ముక్కు దగ్గర సుమారు 4 అడుగులు, వెనుక సుమారు 10 అడుగుల నీరు చాలు. అడుగుభాగం కూడా ముందునుంచి వెనక్కి కాస్త ఏటవాలుగా ఉంటుంది. ప్రతి 50 అడుగులకు ఒక అడుగు చొప్పున లోతయ్యే తీరాన్ని దృష్టిలో పెట్టుకొని ఆ వాలును నిర్ణయించారు.

వెనక్కి రావడానికి మరో ఏర్పాటు ఉంది. ఒడ్డుకు చేరుతుండగానే కొంత దూరంలో వెనుక లంగరు వదిలి, దాని ఇనుప తాడును విప్పుకుంటూ ముందుకు పోతారు. సరుకు దించాక ఆ తాడును యంత్రంతో చుట్టుకుంటూ, ఇంజన్లను వెనక్కి తిప్పుతూ, తమను తామే ఇసుక మీదినుంచి లాక్కుంటారు. పోటు మొదలైనప్పుడు ఈ పని తేలిక, పాటు వేళ చిక్కుకుంటే మళ్ళీ పోటు వచ్చేదాకా ఆగవలసిందే.

ఎంత పొడవు, ఎంత వేగం? ఇంజన్లు ఎలాంటివి?

పొడవు 328 అడుగులు, వెడల్పు 50 అడుగులు. అంటే ఇప్పటి ఎక్స్‌ప్రెస్ రైలు పెట్టెలు నాలుగింటిని వరుసగా నిలిపితే వచ్చే పొడవు కంటే కొంచెం ఎక్కువ. గరిష్ఠ వేగం 12 నాట్ల లోపే, అంటే గంటకు 22 కిలోమీటర్లకు మించదు. ట్యాంకు డెక్కు మీద ఇరవై దాకా షెర్మన్ ట్యాంకులు పట్టేవి, పై డెక్కు మీద లారీలూ జీపులూ నిలిపేవారు. నౌకను నడిపే సిబ్బంది వందకు పైచిలుకు.

రెండు జనరల్ మోటార్స్ 12-567 డీజిల్ ఇంజన్లు, ఒక్కొక్కటి 900 హార్స్‌పవర్. ఇవి ప్రధానంగా రైలు ఇంజన్ల కోసం రూపొందిన వంశానికి చెందినవి. మన దేశంలో గూడ్సు రైళ్ళను లాగే డబ్ల్యూడీజీ-4 లోకోల్లోని 710 రకం ఇంజన్ కూడా ఆ వంశంలో తర్వాతి తరానిదే. రైల్వే డీజిల్ షెడ్లలో పనిచేసినవారు ఈ ఓడ ఇంజన్ గదిలోకి దిగితే కొన్ని భాగాలను చూడగానే గుర్తుపట్టినా ఆశ్చర్యపోనక్కరలేదు.

మూసి ఉన్న డెక్కులో అన్ని ట్యాంకులు ఒకేసారి ఇంజన్లు పెడితే సైనికులు ఊపిరాడక పోరా?

ఈ భయం రూపకర్తలకూ ఉండేది. ఒడ్డు తగలగానే బయటికి పరుగెత్తాలంటే తలుపులు తెరవకముందే ఇంజన్లు వేడెక్కి ఉండాలి. అందువల్ల ఓడలు తయారవుతుండగానే 1942లో కెంటకీ రాష్ట్రంలోని ఫోర్ట్ నాక్స్ సైనిక కేంద్రంలో, సముద్రానికి వందల మైళ్ళ దూరాన, నేల మీద ఎల్‌ఎస్‌టీ ట్యాంకు డెక్కంత భవనాన్ని అదే కొలతలతో కట్టారు. దానిలో నిజమైన ట్యాంకులను నిలిపి, ఇంజన్లు నడిపి, పొగను ఎంత త్వరగా బయటికి తోడగలమో పరీక్షించారు. ఆ పరీక్షల ఫలితంగానే నౌకల్లో పెద్ద గాలి పంఖాల ఏర్పాటు స్థిరపడింది.

దీనికి పేరెందుకు లేదు? అంకె మాత్రమేనా?

యుద్ధకాలంలో అమెరికా ఎల్‌ఎస్‌టీలు అన్నిటికీ అంకెలే పేర్లు. వందల్లో తయారవుతున్న నౌకలకు నామకరణాలు చేసే తీరిక ఎవరికీ లేదు. 1955 జులైలో, అప్పటికి నావికాదళ జాబితాలో మిగిలి ఉన్న వాటిలో అనేకానికి అమెరికా జిల్లాల పేర్లు పెట్టారు. 325కు ఆ భాగ్యం దక్కలేదు. దీనికి అసలైన పేరు పెట్టింది గ్రీసు: 1964లో ‘సీరోస్’.

ఇది ఎవాన్స్‌విల్‌లో కట్టిన ఓడే కదా?

కాదు. ఫిలడెల్ఫియా నేవీ యార్డులో కట్టారు. 1942 ఆగస్టు 10న అడుగు వేశారు, అక్టోబరు 27న నీటిలోకి వదిలారు, 1943 ఫిబ్రవరి 1న లెఫ్టినెంట్ ఐరా ఎరెన్సాల్ నాయకత్వంలో సేవలో చేర్చారు. మొదలుపెట్టిన ఆరు నెలల్లోపే సిబ్బంది ఎక్కారంటే ఆ రోజుల్లో పని ఎంత వేగంగా సాగిందో ఊహించవచ్చు.

పొరపాటుకు కారణం ఉంది. ఇండియానా రాష్ట్రంలో ఒహాయో నది ఒడ్డున ఉన్న ఎవాన్స్‌విల్ పట్టణం యుద్ధకాలంలో 167 ఎల్‌ఎస్‌టీలను తయారుచేసింది. తీరంలోని పెద్ద యార్డులన్నీ విమానవాహక నౌకలు, డిస్ట్రాయర్ల పనితో నిండిపోవడంతో, ఈ సాదా ఓడల పనిని నదీతీరాల్లోని వంతెనల కంపెనీలకూ ఉక్కు కంపెనీలకూ అప్పగించారు. సముద్రం ఎన్నడూ చూడని మొక్కజొన్న పొలాల మధ్య తయారై, ఒహాయో, మిసిసిపీ నదుల మీదుగా సముద్రం చేరిన ఆ నౌకల సంఖ్య మొత్తం 1,051లో చాలా పెద్ద భాగం.

## మధ్యధరా సముద్రంలో, 1943

మొదటి ప్రయాణం ఎక్కడికి?

1943 మార్చిలో న్యూయార్క్ నుంచి కాన్వాయ్‌తో బయలుదేరి ఉత్తర ఆఫ్రికాలోని అల్జీరియా రేవు ఓరాన్ చేరింది. తర్వాతి మూడు నెలలు ఆ తీరం వెంబడి సైనిక దళాలతో కలిసి ఎక్కించడం, దించడం, ఒడ్డెక్కడం సాధన చేసింది. చదవడానికి చప్పగా ఉండే కాలమే కానీ, కొత్త రకం ఓడ, కొత్త సిబ్బంది. వారిలో చాలామంది అంతకుముందు ఉప్పునీటి మీద ప్రయాణించినవారే కాదు. ట్యాంకును వెనక్కి నడుపుతూ ఓడలోకి ఎక్కించడం మొదలుకొని గొలుసులతో కట్టివేయడం దాకా ప్రతిదీ నేర్చుకోవలసి వచ్చింది.

సిసిలీ దాడిలో ఇది ఏం చేసింది?

1943 జులై 10న మిత్రరాజ్యాలు సిసిలీ మీద దిగినప్పుడు, అమెరికా సేనాధిపతి జనరల్ పాటన్ సేనలకు సముద్రంలో సిద్ధంగా ఉంచిన అదనపు దళంలో ఎల్‌ఎస్‌టీ-325 ఒకటి. ఆ దళం జేలా దగ్గర దిగింది. జులై చివరిలోపు మరికొన్ని సార్లు జేలా, లికాటా తీరాలకు మనుషులనూ వాహనాలనూ చేరవేసింది. తిరుగు ప్రయాణంలో ఖాళీగా రావడం అరుదు, ఒకసారి బందీలైన ఇటాలియన్ సైనికులను ఆఫ్రికాకు తీసుకువెళ్ళింది.

జేలాలో తీరం ముందు ఇసుక తిన్నెలు ఉండడంవల్ల ఎల్‌ఎస్‌టీలు నేలదాకా రాలేకపోయాయి. తేలే ఇనుప పెట్టెలను కలిపి వంతెనల్లా వేసి, వాటి మీదుగా వాహనాలను నడిపించారు. దాడి మొదటిరోజునే, అక్కడే ఎల్‌ఎస్‌టీ-313 మీద బాంబు పడి తగలబడిపోయింది. 325 ఎటువంటి చోట పనిచేసిందో చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

సాలెర్నోలో అమెరికా ఓడ బ్రిటిష్ ట్యాంకులను మోసిందట, నిజమా?

నిజమే. 1943 సెప్టెంబరులో ఇటలీ ప్రధాన భూభాగం మీద సాలెర్నో దగ్గర జరిగిన దాడిలో 325 బ్రిటిష్ 40వ రాయల్ ట్యాంక్ రెజిమెంటు వారిని తీసుకువెళ్ళింది. మిత్రరాజ్యాల దగ్గర ఈ ఓడలు ఎప్పుడూ చాలినన్ని ఉండేవి కావు కాబట్టి, ఏ దేశపు ఓడ ఏ దేశపు సైన్యాన్ని మోయాలన్న పట్టింపుకు తావులేదు. ఏ దాడి ఎప్పుడు జరగాలన్నది ఎన్ని ఎల్‌ఎస్‌టీలు దొరుకుతాయన్న దాని మీద ఆధారపడిన కాలం అది. రెండు మహాసామ్రాజ్యాల భవితవ్యం ఈ ఓడలకు ముడిపడి ఉందని చర్చిల్ విసుక్కున్నది ఈ కొరత గురించే.

ఇంగ్లండుకు వెళ్తుండగా దాని మీద ‘క్షిపణి’ దాడి జరిగిందంటారు. 1943లో క్షిపణులు ఉన్నాయా?

క్షిపణి అన్న మాట పూర్తిగా సరికాదు కానీ, చాలా తప్పు కూడా కాదు. 1943 నవంబరు 21న 325 ప్రయాణిస్తున్న కాన్వాయ్ మీద జర్మన్ బాంబర్లు రేడియోతో దారి మళ్ళించగల జారుడు బాంబులు ప్రయోగించాయి. విమానంలోని గురికాడు బాంబు వెళ్ళే దారిని కళ్ళతో చూస్తూ చిన్న మీటతో దాన్ని ఓడవైపు తిప్పేవాడు. జర్మనీ ఈ ఆయుధాన్ని వాడడం మొదలుపెట్టి అప్పటికి కొన్ని నెలలే అయింది. 325 ఆ దాడినుంచి బయటపడి నవంబరు చివరి వారంలో ప్లిమత్ చేరింది.

## నార్మండీ, ఇంగ్లిష్ ఛానెల్, 1944–45

టైగర్ విన్యాసంలో మునిగిన ఎల్‌ఎస్‌టీలతో ఇది కూడా ఉందా?

లేదు. 1944 ఏప్రిల్ 28 తెల్లవారుజామున, నార్మండీ దాడికి రిహార్సల్‌గా లైమ్ అఖాతంలో సాగుతున్న ఎనిమిది ఎల్‌ఎస్‌టీల మీద జర్మన్ టార్పెడో పడవలు విరుచుకుపడ్డాయి. 507, 531 మునిగిపోయాయి, 289 దెబ్బతిని రేవు చేరింది, సుమారు 750 మంది అమెరికన్లు చనిపోయారు. రక్షణ నౌకల్లో ఒకటి మరమ్మతుకు వెళ్ళి లేకపోవడం, రేడియో తరంగాల సంఖ్య తప్పుగా అచ్చు కావడంవల్ల హెచ్చరికలు అందకపోవడం, ప్రాణరక్షక పట్టీలను చంకల కింద కాకుండా నడుముకు కట్టుకోవడంవల్ల చాలామంది తలకిందులై మునిగిపోవడం ఆ విషాదానికి కారణాలుగా చెబుతారు. ఆ ఎనిమిదింటిలో 325 లేదు, అయినా ప్రతి ఎల్‌ఎస్‌టీ చరిత్రలోనూ ఆ రాత్రి ప్రస్తావన వస్తుంది కాబట్టి పాఠకులు కలిపివేస్తుంటారు.

డి-డే రోజున (నార్మండీ దాడి మొదలైన 1944 జూన్ 6న) మొదటి వరుసలోనే అక్కడి ఒమాహా తీరంలో ఒడ్డెక్కిందా?

కాదు, ఎక్కలేదు. 1944 జూన్ 5న ఫాల్మత్ నుంచి, 5వ ప్రత్యేక ఇంజనీరింగ్ బ్రిగేడు వారితోనూ వారి వాహనాలతోనూ బయలుదేరింది. 6వ తేదీ ఉదయం దిగిన సేనలకు వెనుక నుంచి తోడ్పడే దళంలో భాగం కనుక, 7వ తేదీన ఒమాహా ఎదుట లంగరు వేసింది. అప్పుడు కూడా నేరుగా ఒడ్డుకు పోలేదు. నీళ్ళలోనూ నేల మీదా నడిచే డక్ వాహనాల్లోకీ చిన్న ల్యాండింగ్ పడవల్లోకీ సరుకును దించింది. ఒమాహా ఇసుక మీద 325 ముక్కు ఆనింది జూన్ 12న.

ఈ జవాబు కొందరిని నిరుత్సాహపరుస్తుంది. కానీ ఎల్‌ఎస్‌టీని మొదటి గంటలో ఒడ్డుకు పంపడం ఎవరి ఆలోచనా కాదు. అంత పెద్ద, అంత నెమ్మది ఓడను ఫిరంగుల ఎదుట గంటలకొద్దీ కదలకుండా నిలబెట్టలేరు. మొదట దిగినవారు తీరాన్ని పట్టుకోవాలి, ఆ పట్టు సడలకుండా వెనుక నుంచి బరువులు చేరవేయడం ఎల్‌ఎస్‌టీ పని.

ఫొటోల్లో ఓడలు ఎండిన ఇసుక మీద కూర్చుని ఉన్నాయేమిటి? చెడిపోయాయా?

చెడిపోలేదు, కావాలనే అలా నిలిపారు. ఒమాహా దగ్గర పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టంలో ఆరు మీటర్లదాకా తేడా ఉంటుంది. పోటు మీద ఒడ్డుకు వచ్చి ఆగితే, పాటు వేళ నీరు వెనక్కిపోయి ఓడ పూర్తిగా ఇసుక మీద మిగిలిపోతుంది. అప్పుడు లారీలు తడవకుండా దిగివెళ్తాయి, తర్వాతి పోటు ఓడను మళ్ళీ ఎత్తుకుంటుంది. అంత బరువు సమంగా లేని ఇసుక మీద ఆనితే ఓడ నడుము విరుగుతుందేమోనని మొదట భయపడ్డారు కానీ, ప్రయత్నించి చూశాక అదే మామూలు పద్ధతి అయింది.

ఇది ఎంత అవసరమైందో జూన్ 19న మొదలైన తుఫాను తేల్చింది. ఒమాహా దగ్గర ఎంతో శ్రమతో నిలబెట్టిన అమెరికన్ కృత్రిమ రేవు నాలుగు రోజుల్లో ధ్వంసమైంది. నెలాఖరుకు చేజిక్కిన షెర్‌బోర్గ్ రేవును జర్మన్లు ముందే పాడుచేసి పెట్టారు. ఆ వేసవిలో అమెరికా సేనలకు కావలసినదంతా చాలావరకు ఇలా ఇసుక మీద కూర్చున్న ఓడల నుంచే దిగింది. ఈ యుద్ధ కథలో ఎల్‌ఎస్‌టీలకు రావలసినంత గుర్తింపు రాలేదని నాకు అనిపించే ఘట్టం ఇదే.

ఛానెల్‌ను ఎన్నిసార్లు దాటింది? ఏం మోసింది?

1944 జూన్ నుంచి 1945 ఏప్రిల్ వరకు ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య నలభైకి పైగా సార్లు రాకపోకలు సాగించింది. ఒమాహా, యూటా, జూనో తీరాలతోపాటు షెర్‌బోర్గ్, లె హావ్ర్, సెన్ నది మీది రువాన్ రేవులకూ వెళ్ళింది. పోయేటప్పుడు ట్యాంకులు, లారీలు, మందుగుండు. వచ్చేటప్పుడు ఎల్‌ఎస్‌టీలు గాయపడినవారినీ యుద్ధఖైదీలనూ తెచ్చేవి. ఉదయం ట్యాంకులు నిలిచిన డెక్కు మీదే సాయంత్రం స్ట్రెచర్లు పేర్చేవారు, నార్మండీ దాడికి ముందు ఎన్నో ఎల్‌ఎస్‌టీల్లో అందుకోసం గోడలకు ప్రత్యేక బిగింపులు అమర్చారు, వైద్యులనూ ఎక్కించారు.

ఎంపైర్ జావెలిన్ సంఘటన ఏమిటి?

1944 డిసెంబరు 28న సౌతాంప్టన్ నుంచి లె హావ్ర్ వైపు సుమారు 1,500 మంది అమెరికన్ సైనికులతో వెళ్తున్న బ్రిటిష్ రవాణా నౌక ఎంపైర్ జావెలిన్ ఛానెల్‌లో పేలుడుకు గురైంది. దెబ్బ తగిలాక ఓడ వెంటనే మునగకుండా కొంతసేపు నిలవడం సైనికుల అదృష్టం. తోడుగా వస్తున్న ఫ్రెంచి ఫ్రిగేట్ లెస్కార్ముష్, సమీపంలో ఉన్న ఎల్‌ఎస్‌టీ-325 రక్షణకు దిగాయి. సుమారు 700 మందిని కాపాడడంలో 325కు పాత్ర ఉంది, అప్పటి కమాండరు క్లిఫర్డ్ మోసియర్‌కు అందుకు కాంస్య నక్షత్ర పతకం లభించింది. నలభై చిల్లర మోత ప్రయాణాల మధ్య 325 సిబ్బంది జీవితాంతం చెప్పుకున్న రోజు ఇది.

ఎల్‌ఎస్‌టీ అంటే ‘పెద్ద, నెమ్మదైన గురి’ అని సైనికులు ఎగతాళి చేసేవారట. అంతలా మునిగిపోయేవా?

ఆ మూడు ఇంగ్లిషు అక్షరాలకు నావికులే కల్పించుకున్న ఎకసెక్కపు వివరణ అది. లెక్క మాత్రం వేరే చెబుతుంది. వెయ్యికి పైగా నౌకల్లో శత్రువు దెబ్బకు పోయినవి 26, తుఫానులు, ప్రమాదాలవల్ల పోయినవి 13. ఆశ్చర్యం కలిగించేంత తక్కువ. లోతు తక్కువగా తేలడంవల్ల టార్పెడోలు కొన్నిసార్లు అడుగు నుంచి దూసుకుపోయేవి, గదులుగా విడదీసిన రెండు పొరల నిర్మాణంవల్ల ఒక చోట చిల్లుపడినా ఓడ తేలుతూనే ఉండేది.

## యుద్ధం ముగిశాక

తిరుగు ప్రయాణంలో ఓడ రెండుగా చీలబోయిందంటారు. నిజమెంత?

1945 మే 12న ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ నుంచి కాన్వాయ్‌తో స్వదేశానికి బయలుదేరిన రెండు రోజులకే భీకరమైన తుఫాను పట్టుకుంది. ఒక పెద్ద అలలోకి ముక్కు దూసుకుపోవడంతో ప్రధాన డెక్కుకు అడ్డంగా పగులు వచ్చింది. ఆ పగులు పక్కలకు పాకి ఉంటే ఓడ విరిగిపోయేదే. సిబ్బందిలోని లోహపు పనివారు, ఓడ ఊగిపోతుండగానే, పగులుకు అడ్డంగా ఉక్కు పలకలను వెల్డింగ్ చేసి నిలిపారు. మే 31న నార్‌ఫోక్ చేరింది. శత్రువు బాంబులు చేయలేని పనిని అట్లాంటిక్ దాదాపు చేసేసింది.

జపాన్ మీద యుద్ధంలో పాల్గొందా?

లేదు. పసిఫిక్‌కు పంపేందుకు న్యూ ఆర్లియన్స్‌లో మరమ్మతులు జరుగుతుండగా ఆగస్టులో యుద్ధం ముగిసింది. 1946 జులై 2న ఫ్లోరిడాలోని గ్రీన్ కోవ్ స్ప్రింగ్స్‌లో సేవనుంచి తప్పించారు.

గ్రీన్‌లాండ్ మంచులో దీనికేం పని?

1951లో దీన్ని మళ్ళీ వెలికితీసి సైనిక సముద్ర రవాణా విభాగానికి ఇచ్చారు. ప్రచ్ఛన్నయుద్ధం ముదురుతున్న ఆ కాలంలో, ఉత్తరదిశ నుంచి వచ్చే సోవియట్ విమానాలను ముందే పసిగట్టేందుకు కెనడా తూర్పు తీరంలోనూ గ్రీన్‌లాండ్ పడమటి తీరంలోనూ రాడార్ కేంద్రాలు కడుతున్నారు. అక్కడ రేవులు లేవు. రేవు లేనిచోట సరుకు దించడానికే పుట్టిన ఓడ కాబట్టి, లాబ్రడార్ సముద్రం, డేవిస్ జలసంధి, బాఫిన్ అఖాతం మీదుగా నిర్మాణ సామగ్రిని చేరవేసింది. 1961 సెప్టెంబరు 1న నావికాదళ జాబితానుంచి తొలగించారు.

గ్రీసు చేతికి ఎలా వెళ్ళింది?

అమెరికా తన మిత్రదేశాలకు పాత నౌకలను అందించే కార్యక్రమం కింద, 1963లో సిద్ధం చేసి, 1964 మే 1న గ్రీకు నావికాదళానికి అప్పగించారు. ‘సీరోస్’ పేరుతో, ఎల్-144 అంకెతో 1999 డిసెంబరు వరకు పనిచేసింది. అమెరికా జెండా కింద చురుకుగా గడిపిన కాలం కంటే గ్రీకు జెండా కింద గడిపిన కాలమే ఎక్కువ. యుద్ధచరిత్రల్లో ఈ 35 ఏళ్ళకు ఒక్క వాక్యం మాత్రమే దక్కుతుంది కానీ, గ్రీకువారు నడిపి, బాగోగులు చూసి ఉండకపోతే ఈ ఓడ ఎప్పుడో పాత ఇనుము అయ్యేది.

## తిరిగి రాక, ఇప్పటి సంగతులు

డెబ్బై ఏళ్ళ ముసలివాళ్ళు అట్లాంటిక్ దాటించారన్నది నమ్మదగ్గదేనా?

నమ్మవలసిందే. ఎల్‌ఎస్‌టీల్లో పనిచేసిన మాజీ నావికులు ఒక సంఘంగా ఏర్పడి, స్మారకంగా నిలుపుకోవడానికి ఒక ఓడ కోసం వెతికి, చివరికి గ్రీసు నుంచి దీన్ని సంపాదించారు. 2000 వేసవిలో వారు క్రీట్ దీవిలోని సూడా అఖాతానికి వెళ్ళి నెలల తరబడి తామే మరమ్మతులు చేసుకున్నారు. సగటు వయసు 72. కెప్టెన్ బాబ్ జోర్న్‌లిన్. నవంబరు 14న బయలుదేరి జిబ్రాల్టర్ చేరారు, డిసెంబరు 12న అక్కడి నుంచి అట్లాంటిక్‌లోకి దిగారు, 2001 జనవరి 10న అలబామాలోని మొబీల్ రేవు చేరారు. మొత్తం దాదాపు 6,500 మైళ్ళు. చలికాలపు అట్లాంటిక్‌లో ఇంత పాత ఓడతో ఈ వయసువారు బయలుదేరడం మంచిది కాదని చెప్పినవారు ఎందరో. వారి భయం అకారణం కూడా కాదు, ఎందుకంటే 1945లో ఈ ఓడ డెక్కు పగిలింది కూడా ఈ సముద్రంలోనే.

మరి చివరికి ఎవాన్స్‌విల్‌కు ఎందుకు చేరింది?

2003లో నదీమార్గాన ఎవాన్స్‌విల్ వచ్చినప్పుడు దాన్ని చూడడానికి జనం బారులు తీరారు. యుద్ధకాలంలో ఆ ఊరి యార్డులో వేలాది స్త్రీపురుషులు పనిచేశారు, దాదాపు ప్రతి పాత కుటుంబంలోనూ ఓడలకు రివెట్లు వేసినవారో వెల్డింగ్ చేసినవారో ఉంటారు. తమ చేతుల మీదుగా పోయిన 167 నౌకల్లో ఒక్కటీ ఊరికి తిరిగిరాలేదు, వాటి తోబుట్టువు లాంటి ఓడ దొరికింది. 2005 అక్టోబరు 1 నుంచి అదే దీని సొంత రేవు. 2020లో పట్టణం నడిబొడ్డున ఉన్న నదీతీరానికి మార్చారు.

ఇప్పటికీ నడుస్తుందా? లోపలికి వెళ్ళి చూడవచ్చా?

నడుస్తుంది. యుద్ధకాలపు రూపంలోనే ఉండి, సొంత ఇంజన్ల మీద కదిలే రెండవ ప్రపంచయుద్ధపు ఎల్‌ఎస్‌టీ అమెరికాలో ఇదొక్కటే. సాధారణంగా ఏటా వేసవి చివర నదుల వెంట ఇతర పట్టణాలకు వెళ్ళివస్తుంది, కాబట్టి ఆ రోజుల్లో ఎవాన్స్‌విల్ వెళ్తే రేవు ఖాళీగా కనిపించవచ్చు. అమెరికాలోని మన తెలుగువారు చికాగో, నాష్‌విల్, సెయింట్ లూయిస్ వైపు నుంచి కారులో వెళ్ళి రాగలిగినంత దూరమే, అయితే తేదీలు చూసుకొని బయలుదేరడం మేలు. ట్యాంకు డెక్కు, పడక గదులు, వంటగది, చక్రం తిప్పే గది అన్నీ చూపిస్తారు. ఇనుప మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు ట్యాంకు డెక్కు వరకు చూసి ఆగడమే మంచిది. మిషిగన్ రాష్ట్రంలోని మస్కీగన్‌లో ఎల్‌ఎస్‌టీ-393 కూడా ప్రదర్శనశాలగా ఉంది కానీ, అది రేవు వదిలి కదలదు.

వేరే ఎల్‌ఎస్‌టీలేమైనా ఇంకా వార్తల్లో ఉన్నాయా?

ఒకటి ఉంది. దక్షిణ చైనా సముద్రంలోని సెకండ్ థామస్ దిబ్బ మీద ఫిలిప్పీన్స్ 1999లో కావాలనే ఒడ్డెక్కించిన ‘సియెర్రా మాద్రె’ పూర్వం ఎల్‌ఎస్‌టీ-821. అది నిజంగానే ఎవాన్స్‌విల్‌లో తయారైంది. అమెరికా, దక్షిణ వియత్నాం, ఫిలిప్పీన్స్ జెండాలు మార్చుకొని, తుప్పు పట్టిన దేహంతో, చిన్న సైనిక దళానికి నివాసంగా, ఆ దిబ్బ తమదన్న ఫిలిప్పీన్స్ వాదానికి ఆనవాలుగా అక్కడే కూర్చుని ఉంది. చైనాతో తగాదా వార్తల్లో తరచుగా కనిపించే ఓడ అదే.

మన నౌకాదళంలో ఇలాంటి ఓడలు ఉన్నాయా?

ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లో మన నౌకాదళానికి చేరిన మొదటి ఐఎన్ఎస్ మగర్, బ్రిటన్ తన సొంత నమూనాతో యుద్ధం చివర్లో కట్టిన ఎల్‌ఎస్‌టీ. డీజిల్‌కు బదులు ఆవిరి యంత్రాలు ఉండే రకం అది. 1987లో అదే పేరుతో కలకత్తాలో కట్టిన కొత్త మగర్ సేవలో చేరింది, 2023లో విరమించింది. దాని జత ఓడ ఐఎన్ఎస్ ఘరియాల్ దేహాన్ని విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టారు, అది 1997లో నౌకాదళంలో చేరింది. విశాఖవాసులు ముక్కు తలుపులు తెరుచుకునే ఓడను చూసి ఉంటే అది ఘరియాల్ అయ్యే అవకాశం ఉంది. ఎల్‌ఎస్‌టీ-325తో దానికి నేరుగా సంబంధం ఏమీ లేదు, ఒడ్డెక్కి తలుపు తీసే పద్ధతి మాత్రం అదే.